ఖాళీలో నింపిన పాట

రెండు సంగతులు చెప్పాలి. రెండూ ఒక్కరోజే జరిగాయి. ఏది ముందు చెప్పాలో తెలియక ఈ నెలరోజులుగా కనపడ్డ ప్రతి మనిషికీ రెండూ కలిపేసి చెబుతున్నాను. ఒకటి, నేను బీఏ పాసయ్యాను. మా నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. రెండోది, మూడేళ్లుగా మధ్యలో తెగిపోతూ వచ్చిన ఒక వాయిద్యంలో ఆ తర్వాత ఏముందో విన్నాను. మొదటిది చెబితే నోట్లో పంచదార పోస్తున్నారు. రెండోది చెబితే "అదేంటే?" అంటున్నారు. అదేంటో చెబుతాను.

మాది సత్తెనపల్లి నుంచి బస్సులో ముప్పావుగంట లోపలికి వెళ్లాల్సిన ఊరు. చుట్టూ పత్తి, మిరప. ఊరికి కరెంటు వచ్చింది గానీ మా ఇంటిదాకా రాలేదు. అయినా మాకు టేపురికార్డరుంది. మా మేనమామ లారీ నడుపుతాడు. మిర్చి బస్తాలు మద్రాసులో దించి వస్తూ దాన్ని తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి తిండేం పెట్టాలిరా?" అంది.

"నాలుగు బ్యాటరీలు పెట్టక్కా. నీళ్లు కూడా అడగదు."

దానితో పాటు ఒకే ఒక క్యాసెట్టు వచ్చింది. నాటక పద్యాలు. అది నాన్నది. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుంటే ఆ పద్యాలు పడాల్సిందే. పద్యంలో మాటలన్నీ అయిపోయాక కూడా నటుడు ఆఖరి అక్షరాన్ని వదలడు. దాన్ని పట్టుకుని పైకి, ఇంకా పైకి పోతుంటాడు, వెనకాల హార్మోనియం రొప్పుకుంటూ పరిగెత్తుకొస్తుంది. నాన్న కళ్లు మూసుకుని, చెయ్యి గాలిలో అలాగే నిలబెట్టేవాడు. ఆ రాగం దిగేదాకా ఆ చెయ్యి దిగేది కాదు. మాట అయిపోయిన చోట పాట అయిపోదని నాకు తెలిసింది ఆ చేతిని చూసే.

ఇంటర్ పరీక్షలయ్యాక నాకంటూ ఒక క్యాసెట్టు కావాలనిపించింది. నోట్‌బుక్కు కాగితం చింపి, పన్నెండు సినిమా పాటల లిస్టు రాసి మామకిచ్చాను. సత్తెనపల్లి బస్టాండు ఎదురుగా ఒక రికార్డింగు షాపుంది. లిస్టు, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వస్తే, చెప్పిన రోజుకు పాటలన్నీ వరసగా ఎక్కించి ఇస్తారు. మామ తెచ్చిచ్చి, "చివర చోటు మిగిలిందంట, ఖాళీగా ఇవ్వటం ఇష్టం లేక ఏదో వాయిద్యం నింపాడంట. నచ్చకపోతే కట్టెయ్" అన్నాడు.

మొదట్లో కట్టేసేదాన్నే. పన్నెండో పాట అయిపోగానే మీట నొక్కేదాన్ని. ఒకరోజు టేపురికార్డరు పక్కన పెట్టుకుని కళ్లంలో తాలుకాయలు ఏరుతున్నాం. ఎండు మిరపకాయల్లో రంగు పోయి తెల్లబడ్డవాటిని విడిగా తీయాలి. రెండు చేతులూ కారం. లేచి కట్టేయటానికి బద్ధకమేసి అలాగే వదిలేశాను.

వీణ.

అప్పుడు వీణే అనుకున్నాను. తాళం లేదు, మాట లేదు, తొందర అసలే లేదు. ఒక్కో స్వరాన్నీ నెమ్మదిగా తీసుకొచ్చి, ఎర్రటి కళ్లం మీద ఆరబోసి, అది కాస్త ఎండాక ఇంకొకటి తెచ్చినట్టుంది. మధ్యాహ్నం గాలికి మిరప ఘాటు లేస్తోంది, కళ్లు సగం మూతలు పడుతున్నాయి, ఆ స్వరాలు కొంచెం వణుకుతూ, కొంచెం సాగుతూ, నీళ్లలోంచి చూసిన రాళ్లలాగా కదులుతున్నాయి. నా పక్కన కాయలేరుతున్న ముసలావిడ "పిల్లా, నీ వీణమ్మకి నిద్దరొస్తందే" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎక్కడున్నానో తెలియలేదు.

ఆరు నిమిషాలుండేదేమో. స్వరం మెట్టు మెట్టుగా పైకెక్కి, ఒకచోట నిలబడి, ఏదో చెప్పబోతుండగా టేపు అయిపోయేది. టక్కున మీట లేచేది. అంతే.

ఆ తర్వాత ఏముంది? మూడేళ్లు నన్ను పట్టి తిప్పింది ఈ ఒక్క ప్రశ్నే. మామను అడగమన్నాను. రెండుసార్లు మర్చిపోయాడు. మూడోసారి అడిగితే షాపాయన, "వందల క్యాసెట్లు నింపుతాను, ఎవరికి ఏం వేశానో నాకేం గుర్తు? టేపు తెస్తే చెబుతా" అన్నాడట. మామ చేతికి టేపు ఇవ్వాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. అంతకు ముందే ఆ లారీలో ఒక టార్చిలైటు, అమ్మ గొడుగు మాయమయ్యాయి. నేనే వెళ్లి అడుగుదామంటే, ఆ షాపు ముందు పొద్దస్తమానం మగపిల్లల గుంపు. ఆడపిల్లలు ఆ మెట్లెక్కగా నేనెప్పుడూ చూడలేదు.

ఇక్కడ మా ఇంటి బ్యాటరీల సంగతి చెప్పాలి. కొత్త బ్యాటరీలు నాన్న పద్యాలకే. పద్యాలు నీరసించాక అవి నా వంతుకొచ్చేవి. వాటిని తీసి కళ్లం అంచున మిరపకాయల పక్కన ఎండబెట్టేదాన్ని. ఒక పూట ఎండ తాగితే మళ్లీ ఒక గంట పలికేవి.

"ఒసే, కాయలతో పాటు వీటినీ బస్తాకెత్తేస్తానే!" అని అమ్మ అరిచేది. "గుంటూరు యార్డులో నీ బ్యాటరీలకి ఏ రేటు పలుకుద్దో చూద్దాం."

ముందుకూ వెనక్కూ తిప్పితే బ్యాటరీ తింటుందని, పెన్ను దూర్చి చేత్తోనే టేపు చుట్టేదాన్ని. రానురాను ఆ చుట్టడం కూడా మారింది. మొదట పన్నెండు పాటల కోసం వెనక్కి చుట్టేదాన్ని. తర్వాత పాటల్ని దాటించి, చివరి ఆరు నిమిషాల కోసం ముందుకు చుట్టడం మొదలుపెట్టాను.

డిగ్రీకి గుంటూరు వెళ్లి హాస్టల్లో ఉన్నాను. టేపు ఇంట్లోనే ఉండిపోయింది, సెలవులకొస్తేనే వినేది. కానీ అది నా చెవిని ఏం చేసిందో అక్కడ తెలిసింది. మెస్సులో రేడియో ఉండేది. పొద్దున్నే సంగీత కచేరీ వస్తే అమ్మాయిలు స్టేషను మార్చబోయేవాళ్లు, నేను చెయ్యి అడ్డం పెట్టేదాన్ని.

"ఏమే అమ్మమ్మా, ఈ గీకుడు వింటే గానీ నీకు ఇడ్లీ దిగదా?" అని ఏడిపించేవాళ్లు.

సినిమా పాటలు మానేశానని కాదు. ఇప్పటికీ ఆ పన్నెండూ నాకు కంఠతా వచ్చు. కానీ పల్లవికీ చరణానికీ మధ్య మాటల్లేని చోట ఒక వేణువో వయొలినో వచ్చి పోతుందే, దాని కోసం ఎదురు చూడటం అలవాటైంది. పాడే గొంతు ఆగితే పాట ఇప్పుడు మొదలైందనిపించేది. క్లాసులో చరిత్ర పాఠం జరుగుతుంటే నా తెగిపోయిన వాయిద్యాన్ని లోపల పూర్తి చేసుకునేదాన్ని. ఒకసారి అది కిందికి దిగి, మేమొకసారి అమరావతి గుడికెళ్లినప్పుడు చూసిన కృష్ణానదిలాగా వెడల్పుగా, చప్పుడు లేకుండా పోయేది. ఇంకోసారి ఎక్కిన చోటే నిలబడి సన్నగా, సన్నగా మాయమైపోయేది. ఏదీ నమ్మకం కుదిరేది కాదు.

ఫలితాలొచ్చిన రోజు నాన్న పత్తి విత్తనాల కోసం సత్తెనపల్లి బయల్దేరాడు. పేపరు చూసుకోవాలని నేనూ వెంటపడ్డాను. సంచిలో చేతిరుమాల్లో చుట్టి ఆ క్యాసెట్టు పెట్టుకున్నాను. పాసైతే ఆ షాపు మెట్లెక్కాలని బస్సులోనే నిర్ణయించుకున్నాను.

బస్టాండులో పేపరు కొన్నాం. చీమల్లాంటి నంబర్లు.

"ఉందా?" అన్నాడు నాన్న.

"ఉంది నాన్నా."

"సరిగ్గా చూడవే. పక్కోళ్లదేమో."

నాన్నకు అక్షరాలు రావు గానీ అంకెలొచ్చు. హాల్ టికెట్టు పక్కన పెట్టుకుని ఒక్కో అంకె పైకి చదువుతూ రెండుసార్లు సరిచూసుకున్నాడు. తర్వాత టీ బండి దగ్గరికెళ్లి టీ చెప్పి, అడగని మనిషికి, "మా పిల్ల. బీఏ" అన్నాడు. ఆ టీ కూడా తాగకుండా విత్తనాల కొట్టుకి వెళ్లిపోయాడు. నేను చూస్తుండగా ఏడవటం ఇష్టం లేక అనుకుంటాను.

నేను రోడ్డు దాటి మెట్లెక్కాను. మగపిల్లలు పక్కకు జరిగారు. అంతే, ఇంకేమీ జరగలేదు. మూడేళ్లు భయపడింది దీనికా అనిపించింది.

షాపాయనకు ముప్పయ్యయిదు ఉంటాయేమో. తలకు తెల్ల టోపీ, చెవి మీద బాల్‌పెన్ను. "చెప్పు చెల్లెమ్మా" అన్నాడు.

"నేను బీఏ పాసయ్యానండీ" అన్నాను. అసలు మాట బదులు అది వచ్చేసింది.

"అట్లాగా! మంచిమాట చెప్పావు. దానికేం పాట వెయ్యమంటావు?"

సంగతంతా చెప్పి క్యాసెట్టిచ్చాను. ఆయన పెట్టి, చివరికి తిప్పి, మీట నొక్కాడు. పెద్ద స్పీకర్లోంచి ఏదో చురుగ్గా, గలగలా, చిన్న చిన్న గజ్జెలు పరిగెత్తినట్టు వినపడింది.

"ఇది కాదండీ."

"ఇదేనమ్మా నువ్విచ్చింది."

"ఎక్కడో మారిపోయింది. నాది వీణ. ఇదేంటో తరుముతున్నట్టుంది."

ఆయన వెనక్కి తిప్పి పన్నెండో పాట వేశాడు. "ఇది నీదేనా?"

"నాదే."

"మరి ఆ పక్కది ఎవరిదో ఎట్లా అయిద్ది చెల్లెమ్మా? పైగా అది వీణ కాదు, మాండొలిన్."

"మూడేళ్లు విన్నదాన్ని, నాకు తెలియదా అండీ?" అన్నాను. మెట్ల మీద పిల్లలు వింటున్నారు. నా ఆరు నిమిషాలు కూడా పోయాయనిపించింది. మిగతాది వినాలని వచ్చి, ఉన్నదే పోగొట్టుకున్నాను.

ఆయన నన్ను చూసి, "మీ ఇంట్లో కరెంటుందా?" అన్నాడు.

"లేదండీ. బ్యాటరీలే."

"ఎండబెడతారా?"

"ఎండబెట్టకపోతే ఎట్లా పలుకుతాయండీ?"

ఆయన నవ్వలేదు. మెట్ల మీద ఎవడో కిసుక్కుమంటే, "ఒరేయ్, మీ ఇంట్లో మాత్రం ఎండబెట్టట్లేదంట్రా?" అని కసిరాడు. తర్వాత మళ్లీ చివరికి తిప్పి, టేపు మూత తీసి, తిరుగుతున్న చుట్ట మీద వేలు మెల్లగా ఆనించాడు. మాండొలిన్ బరువెక్కింది, సాగింది, వణికింది. షాపులో ఒక్కసారిగా మా కళ్లం పరుచుకుంది.

"ఇదే! ఇదేనండీ!"

"నీరసించిన బ్యాటరీ వాయించిందమ్మా ఇది" అన్నాడు. "అయినా బాగానే ఉంది. ఇట్లా వినాలని నాకెప్పుడూ తోచలేదు."

బ్యాటరీ నీరసించి, టేపు నెమ్మదిగా తిరిగి సినిమా పాటలు సాగితే మాకు తెలిసిపోయేది, మైకుల్లో వాటి అసలు నడక విన్నాం కాబట్టి. దీని అసలు నడక వినలేదు, పైగా ఇది టేపు చివరిది, దీని దగ్గరికొచ్చేసరికి బ్యాటరీలు ఎప్పుడూ నీరసంగానే ఉండేవి. నేను ప్రేమించింది మాండొలిన్‌ను ఎంతో, పల్నాటి ఎండను ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"మిగతాది ఉందా అండీ?" అన్నాను.

ఆయన అరలన్నీ వెతికాడు. లేదు. అప్పుడు గుర్తొచ్చి, గుడ్డసంచిలో చెయ్యి పెట్టాడు. "మా నాన్న పట్టుకుపోయాడు, నిన్ననే తెచ్చా. గుళ్లో సన్నాయి వాయిస్తాడు. ఇది వింటూ, ఈ పిడికెడు తీగలకి గమకమెక్కడ పలుకుద్దిరా అని తిడతాడు. తిట్టి, మళ్లీ పెట్టమంటాడు." పాత టేపు చెరపనని, కొత్తదాని మీద మొత్తం ఎక్కిస్తానని చెప్పి, స్టూలు జరిపాడు. టేపు ఎంతసేపుంటే ఎక్కించటానికి అంతసేపు పడుతుంది. కాబట్టి కూర్చుని వినొచ్చు.

నాన్న విత్తనాల సంచి భుజాన వేసుకుని వెతుక్కుంటూ వచ్చాడు. "ఏమే, బస్సొచ్చింది."

"కాసేపు నాన్నా. ఆ తెగే చోటు వస్తోంది."

మెట్టు మెట్టుగా ఎక్కింది. నిలబడింది. నా ఒళ్లంతా ఆ టక్ కోసం బిగుసుకుపోయింది. టక్ రాలేదు. స్వరం ఇంకొక్క మెట్టెక్కి, చిన్నపిల్లలు గట్టు మీంచి దూకినట్టు జారి, నవ్వుతూ కిందికొచ్చి ఆగింది. నేననుకున్న నది కాదు, మాయమైపోవటమూ కాదు. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత, అందులో ఉందని నాకు తెలియనే తెలియని మృదంగం మోగింది.

"ఇప్పటిదాకా ఆలాపనే చెల్లెమ్మా" అన్నాడు షాపాయన. "కీర్తన ఇప్పుడు ఎత్తుకుంటున్నాడు."

నాన్న సంచి దించాడు. "అంటే ఇంతసేపూ రాగమే తీశాడా? అసలుది ఇంకా మొదలే పెట్టలేదా?"

"లేదు బాబాయ్."

"ఇది మూడేళ్లు విందయ్యా!" అన్నాడు నాన్న, ఆశ్చర్యంగా నన్ను చూస్తూ. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మృదంగం ముందు నడుస్తుంటే ఆ చిన్న వాయిద్యం దాని చుట్టూ తిరుగుతోంది, పట్టుబడకుండా తప్పించుకుంటోంది, మళ్లీ తనే వచ్చి దొరుకుతోంది. నాన్న గుమ్మంలోనే ఉన్నాడు గానీ, వేళ్లు గుమ్మం చెక్క మీద కదులుతున్నాయి.

బయట బస్సు కదలబోతూ హారన్ కొట్టింది. కండక్టరు మమ్మల్ని ఎరిగినవాడు. ఫుట్‌బోర్డు మీంచి వంగి, "ఏం పెద్దాయనా, రావా? మళ్లీ సాయంత్రమే బండి!" అని కేకేశాడు.

నాన్న వెనక్కి కూడా తిరగకుండా చెయ్యి ఊపాడు. "పోనియ్యవయ్యా. మాది ఇప్పుడే మొదలైంది."