పురుగుకి నాలుగు సాళ్ళు

గవర్నర్‌పేటలో విత్తనాల కొట్లో నేను పనిచేస్తున్నప్పుడే బీటీ పత్తి కొత్తగా వచ్చింది. ఆ మొక్కను తింటే కాయతొలిచే పురుగు చస్తుందని విని, మందులు కొట్టి కొట్టి విసిగిపోయిన రైతులు పొద్దున్నే వరస కట్టేవారు. పెద్ద ప్యాకెట్‌తోపాటు మామూలు పత్తి గింజల చిన్న పొట్లం కూడా ఇచ్చేవాళ్ళం. దాన్ని చేను చుట్టూ వేయాలి. ఊరంతా బీటీయే ఉంటే పురుగు దానికి అలవాటు పడిపోయి ఇక చావదని, అలా కాకుండా కొన్ని పురుగులు మామూలు మొక్కల మీద బతకాలని కంపెనీవాళ్ళు చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. పురుగుతో వేగలేక వచ్చిన రైతుకి దాన్ని మేపమని ఏ మొహం పెట్టుకుని చెప్పను? "పారెయ్యండి" అనేవాణ్ణి. కొట్టు మెట్ల కిందంతా ఆ పొట్లాలే.

ఒకరోజు మైలవరం వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆ పొట్లం దేనికని అడిగింది.

"పురుగులకి భోజనమంటమ్మా" అన్నాను. వరసలో అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"పిచ్చికల కోసం చూరుకి వరికంకులు కడతాం కదయ్యా. అట్టాగే పురుగుకీ నాలుగు సాళ్ళు. నవ్వుతారెందుకు?" అంది. పొట్లాన్ని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత ఒక రైతు మెట్లు దిగి, అంతకుముందు నా మాట విని పారేసిన పొట్లం కోసం వెతకడం మొదలుపెట్టాడు. నేనూ వెళ్ళి ఆయన పక్కన వంగాను.