అమ్మ చేతిలో ఉంచని డ్రిల్లు

మా చిన్నప్పుడు... అమ్మ కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఆదివారం, చర్చి నుంచి రాగానే అరుగు మీద కార్గో పెట్టె విప్పారు. సబ్బులు, పాలపొడి డబ్బాలు, దుప్పట్లు... అన్నిటికీ అడుగున తువ్వాలులో చుట్టిన ఎర్ర కారు. నా మోచెయ్యంత పొడుగు. రిమోటుతో నడిచేదే గానీ బ్యాటరీ బొమ్మ కాదండి... నిజం ఇంజను! దానికి వేరే ఇంధనం, చిన్న డబ్బాలో. మూత తీస్తే ఆముదం వాసన.

అమ్మ అక్కడ ఒక షేకు ఇంట్లో పనిచేస్తూ వాళ్ళ పిల్లవాణ్ణి పెంచేది. వాడికి ఈ కారు మీద మోజు తీరాక అమ్మకిచ్చేశారు. స్టార్ట్ చేసే తాడు ఎప్పుడో తెగిపోయిందట. అందుకని పైన ప్లగ్గు వేడెక్కడానికి చిన్న బ్యాటరీ తగిలించి, ఇంజను వెనక బెజ్జంలో ఇనుప పుల్ల దూర్చి, ఆ పుల్లని కార్డ్‌లెస్ డ్రిల్లుతో గిర్రున తిప్పాలి. ప్రతి శుక్రవారం ఆ పిల్లవాడి కోసం అమ్మే తిప్పేదట.

"మా బాబు చెవులు మూసుకుని ఒకటే గెంతులు!" అంది నవ్వుతూ.

మా బాబు... ఆ మాట నాకు చేపముల్లులా గొంతులో దిగింది. అమ్మ నన్ను వదిలి విమానం ఎక్కినప్పుడు నాకింకా చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు.

అమ్మ నా మొహం చూసింది. "అలా చూడకురా చిన్నా... ఈసారి నీ కోసం తిప్పుతాను. నా చేత్తో."

నాకు కావలసింది అదే. కారు కాదు.

డ్రిల్లు పెదనాన్న దగ్గరుంది. ఇల్లు కట్టుకుంటూ అడిగితే అంతకుముందు అమ్మ పంపిందే. ఆయన మా చర్చి సంఘపెద్ద కూడా. మా ఇళ్ళలో ఒక ఆచారం... మిక్సీ రానీ, మోపెడ్ రానీ, సంఘపెద్ద ప్రార్థన చెయ్యందే వాడకూడదు. ప్రార్థన చేసినవారే మొదట నడపాలి. మంచి ఆచారమే, చేసేవాడి మనసు మంచిదైతే!

పెదనాన్న డ్రిల్లు తెచ్చి అమ్మకిచ్చి, కారు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. కాలవలో నీళ్ళ కోసం ప్రార్థించారు. యానాం వెళ్ళి తాగొచ్చేవాళ్ళ మారుమనసు కోసం ప్రార్థించారు. కువైట్ రాజు క్షేమం కోసం కూడా ప్రార్థించారు... అమ్మ పేరు మాత్రం రాలేదు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. అమ్మ డ్రిల్లు గుండెకి ఆనించుకుని తలవంచి నిలబడి ఉంది.

ఆమేన్ అనగానే ఆయన చెయ్యి చాపారు. "ఇటియ్యమ్మా."

"నేను తిప్పుతానండీ బావగారూ... నాకలవాటే."

"ఆడదానివి, మిషన్లతో నీకెందుకు? లోపలికెళ్ళి టీ పెట్టు."

స్తంభానికి ఆనుకున్న నాన్న, "ఇచ్చెయ్యవే. అన్నయ్య చూసుకుంటాడు" అన్నారు.

అమ్మ ఇచ్చేసింది.

చేలో ఆయిల్ ఇంజను మొండికేస్తే పెదనాన్న గాలి గొట్టంలో కాస్త పెట్రోలు పోసి తిప్పేవారు. ఇక్కడా అదే వైద్యం. ట్యాంకు నింపింది చాలక, ఇంజను గాలి పీల్చే నోట్లో మూతెడు ఇంధనం ఒంపారు. డ్రిల్లు నొక్కారు. గుర్రుమని సగం తిరిగి బిగుసుకుపోయింది.

వంటింటి గుమ్మంలోంచి అమ్మ కేక. "ఆపండి బావగారూ! లోపల నిండిపోయింది. ప్లగ్గు విప్పి, బోర్లించి తిప్పితే కక్కేస్తుంది. బలవంతం చేస్తే విరిగిపోద్దండీ!"

"ఎన్ని ఇంజన్లు తిప్పాననుకున్నావ్? పిడికెడు లేదు, దీనికి నువ్వు పాఠం చెప్తావా?" నాన్న వైపు తిరిగి, "అంట్లు తోమడానికెళ్ళి ఇంజనీరై వచ్చిందిరా మీ ఆవిడ!" అన్నారు.

నాన్న నవ్వారు. అది నేను మర్చిపోలేదు.

పెదనాన్న కారుని మోకాలి కింద అదిమి, డ్రిల్లు పూర్తిగా నొక్కేశారు. టక్... కోడి ఎముక విరిగినట్టు. ఆ తర్వాత ఇనుప పుల్ల హాయిగా తిరిగింది. దాంతో పాటు లోపల ఏదీ తిరగలేదు.

ఆయన లుంగీకి చేతులు తుడుచుకుని లేచారు. "దేవుని చిత్తం లేదు. పరాయి దేశపు వస్తువు, మనకి అచ్చిరాదు."

ఏం మాటండి అది! విరగ్గొట్టింది నీ చెయ్యి... నింద దేవుడి మీదా? దేవుని నామాన్ని వ్యర్థంగా పలకవద్దని ఆజ్ఞ ఉంది. ఒట్లు పెట్టేవాళ్ళే దాన్ని మీరుతున్నారని మనవాళ్ళ నమ్మకం. కాదు సహోదరులారా, తమ తప్పుకి ఆయన పేరు తొడిగేవాళ్ళు అంతకన్నా ముందు మీరుతున్నారు! ప్రభువు తిరిగి లేచిన ఉదయం ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలు. పరుగున వచ్చి చెబితే మగవాళ్ళకి అవి వెర్రిమాటల్లా వినిపించాయి. నేను ఏ బైబిలు కాలేజీ మెట్లూ ఎక్కలేదు. కానీ ఆ అధ్యాయం తెరిచినప్పుడల్లా నాకు మా వంటింటి గుమ్మమే కనిపిస్తుంది.

సెలవు అయిపోయింది. వెళ్ళేరోజు బస్సు కోసం నిలబడి, అమ్మ నా కుడిచెయ్యి తీసుకుని, లేని డ్రిల్లుని పట్టిస్తున్నట్టు వేళ్ళు మడిచింది. "ఇలా... కొంచెం కొంచెం నొక్కాలి. బిగుసుకుంటే ఆపెయ్యాలి. అంతేరా."

బస్సు వచ్చేసింది.

అమ్మ అక్కడి పని మానేసి పూర్తిగా తిరిగొచ్చేసరికి నాకు మీసాలొచ్చాయి. అమ్మకి వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి... మంచినీళ్ళ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకునేది. విరిగిన కారు అప్పటినుంచీ అటక మీదే ఉంది. దింపమని అమ్మ అడగలేదు. నేనూ దింపలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ప్రతి కొట్లోనూ రిమోటు కార్లు వేలాడుతున్నాయి. మీట నొక్కితే పరుగు... డ్రిల్లు అక్కర్లేదు, అమ్మ చెయ్యి అక్కర్లేదు. సంఘపెద్దని నేనే కాబట్టి, కొత్త వస్తువు వస్తే ప్రార్థనకి నన్ను పిలుస్తున్నారు. వెళ్తాను, చేస్తాను. ఆమేన్ అన్నాక నా చెయ్యి చాపను... ఆ ఇంటి ఆడవాళ్ళ వైపు చూస్తాను. అయినా ముందుకొచ్చేది ఎప్పుడూ ఒక మగచెయ్యే.

మీ ఇంట్లో ఆమేన్ తర్వాత ముందుకొచ్చిన చెయ్యి ఎవరిదో కింద కామెంట్లో రాయండి. అక్కాచెల్లెళ్ళే ముందు రాయాలి... ఇక్కడ మిమ్మల్ని టీ పెట్టమనేవాళ్ళు ఎవరూ లేరు.