వడగళ్ళు సరస్సు వైపు నుంచే

మా అక్క తోరిబియా నవ్వగా నేను పదహారేళ్ళపాటు చూడలేదు. ఇప్పుడు నవ్వుతోంది. ఆ నవ్వు కోసం మా ఊరి బంగాళాదుంపల తొలి పంట మొత్తం మట్టిపాలైంది, అందులో నా పొలం చెక్కా ఉంది. అయినా అక్కను తప్పు పట్టను. ఇంకెవరైనా పట్టబోతే నోరు మూయిస్తాను.

తితికాకా సరస్సు ఒడ్డున మా పొలాలకు ఏడాదికొక కాపరి ఉంటాడు. ఇంటి వంతున వచ్చే పని అది. మా వైపు వేసవి వచ్చేది నవంబరులో. అది మొదలవగానే అతను పొలాల మధ్య రాతి గుడిసెలో మకాం పెట్టి మబ్బుల్ని కాయాలి. నల్లమబ్బు ఉబ్బుతుంటే పొగ వేసి, తారాజువ్వలు వదిలి దాన్ని చెదరగొట్టాలి. వడగళ్ళు పడ్డాయా, తప్పు మబ్బుది కాదు, కాపరిది. అతని టోపీ తీయించి, చితికిన దుంప మొక్కలు దండగా మెడలో వేసి, గట్ల వెంట ఊరంతా చూస్తుండగా నడిపిస్తారు. మా దగ్గర మగవాడి టోపీ తీయించడమంటే తల తీసేసినట్టే.

పదహారేళ్ళ కిందట ఆ దండ మా బావ ఇలారియో మెడలో పడింది. వేయించినవాడు అప్పటి ఊరిపెద్ద పోర్ఫిరియో. అసలు సంగతేమిటంటే, అంతకు వారం ముందే పోర్ఫిరియో తన కూతురి పెళ్ళికని గుడిసెలో ఉన్న తారాజువ్వలన్నీ పట్టుకుపోయాడు. "రెండ్రోజుల్లో కొత్తవి తెచ్చి పడేస్తాలేవోయ్, ఈలోగా కొంపలేం మునగవు" అన్నాడు. తేలేదు. మబ్బు వచ్చిన రోజు మా బావ దగ్గర తడిగడ్డి పొగ తప్ప ఏమీ లేదు.

సభలో మా బావ ఈ మాట చెబితే, "నేను తీశానా? ఎవరు చూశారట?" అన్నాడు ఆ పెద్దమనిషి. చూసింది మా అక్క ఒక్కతే. పెళ్ళాం సాక్ష్యం ఎవడు వింటాడు? మూడేళ్ళు తిరక్కుండా మా బావ పోయాడు. ఆ మూడేళ్ళూ తల దించుకునే తిరిగాడు. ఆయన టోపీని అక్క గోడకు తగిలించింది. రోజూ దాని ఎదురుగానే కూర్చుని తినేది.

అక్కకు మా అమ్మ దగ్గరనుంచి వచ్చిన విద్య ఒకటుంది. ఏటా నవంబరు చివరి ఆదివారం ఊరి సభలో లేచి రాబోయే రోజుల సంగతి మూడు ముక్కల్లో చెబుతుంది. నేల, గాలి, సరస్సు. నేల సంగతి తీతువు పిట్ట గూట్లో ఉంటుంది. సరస్సు సంగతి రెల్లులో నీటికోడి కట్టే గూడు ఎత్తులో ఉంటుంది. గాలి సంగతి ఎక్కడుంటుందే అని అడిగితే, "నా ముక్కులో" అనేది.

ఈసారి కాపరి వంతు పోర్ఫిరియో ఇంటికి వచ్చింది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, కొడుకుని పంపవచ్చు. "వాడికి మబ్బుకీ వంటింటి పొగకీ తేడా తెలీదు" అని తనే దిగాడు. సభలో అందరి కళ్ళూ అక్క మీదే ఉన్నాయి. ఆమె లేచి నిలబడి, పోర్ఫిరియో మొహంలోకి చూస్తూ చెప్పింది.

"సరస్సు చెబుతున్నా. నీటికోడి గూడు మోకాలెత్తున కట్టింది, నీళ్ళు పెరుగుతాయి, పడవలు పైకి లాక్కోండి. గాలి చెబుతున్నా. క్రిస్మస్ ముందు వారం మూడు పొద్దులు ఆకు కదలదు. ఇక నేల. తీతువు గూటినిండా గులకరాళ్ళే పేర్చింది. గాలి ఆగిన నాలుగో రోజు మధ్యాహ్నం వడగళ్ళు. సరస్సు వైపు నుంచి వస్తాయి. కొండ వైపు చూస్తూ కూర్చోకండి, పెద్దాయనా."

పోర్ఫిరియో పకపకా నవ్వాడు. "విన్నారా! పదహారేళ్ళుగా నన్ను చూసి పళ్ళు నూరే మనిషికి ఇవాళ నా మీద ప్రేమ పుట్టుకొచ్చిందట! మన ఊరికి వడగళ్ళు ఎప్పుడైనా కొండ మీంచి కాక సరస్సు మీంచి వచ్చాయా? నన్ను ఒడ్డున కూర్చోబెట్టి వెనకనుంచి వీపు పగలగొట్టించాలని చూస్తోంది. ఈవిడ చెప్పినదానికి తలకిందులు చేస్తే చాలు, పంట ఇంటికొచ్చినట్టే!"

సభంతా నవ్వింది. సిగ్గు విడిచి చెబుతున్నా, నేనూ నవ్వాను. ఇంత కచ్చ ఉన్న మనిషి నిజమెందుకు చెబుతుంది అనుకున్నాను. ఇంటికి వెళ్ళేదారిలో, "అక్కా, నాకైనా నిజం చెప్పవే" అని అడిగాను.

"అంతమందిలో చెప్పానుగా బసిలియా. చెవుల్లో ఏం పెట్టుక్కూర్చున్నావ్?" అంది.

పోర్ఫిరియో గడ్డి మోపులూ తారాజువ్వలూ అన్నీ కొండ వైపు గట్టుకు చేర్చాడు. క్రిస్మస్ ముందు వారం మూడు పొద్దులు ఆకు కదల్లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం సరస్సు మీద మబ్బు లేచింది. ముసలాయన తారాజువ్వలు చంకలో పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు పరిగెత్తాడు, గట్టు మీద బోర్లా పడ్డాడు, మళ్ళీ లేచాడు. మొదటి జువ్వ పైకి లేచేసరికి పొలాలు తెల్లబడిపోయాయి. నేను లంగాలు పరిచి నాలుగు మొక్కలు కాపాడుకుందామని చూశాను. ఒక్కటి మిగిలితే ఒట్టు.

ఒళ్ళంతా తడిసి అక్క ఇంటికి వెళ్ళాను. గడపలో కూర్చుని ఉన్ని వడుకుతోంది.

"నీకు తెలుసు! వాడు తలకిందులు చేస్తాడని తెలిసే చెప్పావు! నా చెక్క కూడా పోయిందే, నీ కడుపు చల్లబడిందా?"

"నాదీ పోయింది. అబద్ధం చెప్పానా?"

"లేదు."

"మరి నోరు మూసుకో. వెళ్ళి లంగా మార్చుకో, జ్వరం వస్తుంది."

మర్నాడు పొద్దున పొలాల దగ్గరే సభ. తనకెవరూ చెప్పలేదనడానికి పోర్ఫిరియోకు దారి లేదు, ఊరంతా విన్నదే. టోపీ తీయించారు. దండ ఎవరు వేస్తారని అడిగితే అక్క ముందుకొచ్చింది. తన పొలంలో చితికిన మొక్కలతో రాత్రే కట్టి తెచ్చుకుంది.

"ఆ ఏడు మా ఆయన గుడిసెలో ఉండాల్సిన తారాజువ్వలు ఎక్కడ కాలాయి, పెద్దాయనా?" అంది. "అందరికీ వినబడేట్టు చెప్పండి. చెబితే ఈ దండ వేయను."

ఆయన దండ వైపు చూశాడు. "నా కూతురి పెళ్ళిలో. నేనే తీసుకెళ్ళాను. ఇలారియో తప్పేం లేదు."

మా బావను గట్ల వెంట నడిపించిన వాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు. అక్క ముందుకు వంగి ఆయన మెడలో దండ వేసేసింది.

"వేయనన్నావు కదమ్మా!" అన్నాడు ముసలాయన, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా.

"మీరూ రెండ్రోజుల్లో తెచ్చి పడేస్తానన్నారుగా" అంది అక్క. అప్పుడు నవ్వింది, పదహారేళ్ళ తర్వాత.