లోకం అంతమయ్యాక లంబుకు దొరికిన ఉద్యోగం

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నన్ను ముసలివాణ్ణి అనుకుంటారేమో గానీ, ఇది మరీ అంత పాత సంగతేం కాదు. అప్పటికే అమీర్‌పేటలో మెట్రో తిరుగుతోంది, అందరి చేతుల్లోనూ మంచి ఫోన్లున్నాయి, లేనివల్లా ఉద్యోగాలే. ఉద్యోగం లేని కుర్రాడికి ఎండైనా వానైనా ఒకటే, ఆదివారమైనా సోమవారమైనా ఒకటే, ఎవరన్నా ఫోన్ చేసి "ఏం చేస్తున్నవ్" అంటే మాత్రం ప్రాణం పోయినంత పనవుతుంది. ఆ ప్రశ్న అడగనివాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

సిరిసిల్ల నుంచి ఒకే బస్సులో వచ్చాం నేనూ లంబూ. మంచం మీద పడుకుంటే వాడి పాదాలు అవతలికి వేలాడేవి కాబట్టి హాస్టల్లో వాడు లంబు అయిపోయాడు. (అసలు పేరు రాస్తే వాడు ఊరుకోడు, నాకు వాడితో తగువు పెట్టుకునే ఓపిక లేదు.) మా నాన్న మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు, వాళ్ల నాన్న బస్టాండు పక్కన కుట్టుమిషన్ మీద. అమీర్‌పేటలో గోడ కనిపిస్తే కోర్సు బోర్డు, స్తంభం కనిపిస్తే ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలతో ఫ్లెక్సీ. మేమిద్దరం ఒకే కోర్సులో చేరాం. పాఠం వాడికి అర్థమయ్యేది, వాడు నాకు చెప్తే నాకర్థమయ్యేది. తీరా చూస్తే ఫ్లెక్సీ మీద నా ఫొటో వచ్చింది. ఆ ఫొటోలో నేను కట్టుకున్న టై లంబుది.

వాడి కష్టమల్లా ఒక్కటే. బల్లకు అవతల ఎవరన్నా కూర్చుని "మీ గురించి చెప్పండి" అంటే వాడి గొంతు పడిపోయేది. సోమాజిగూడలో ఒక ఆఫీసులో తన పేరు చెప్పాడట, తర్వాత ఏం చెప్పాలో తోచక ఇంకోసారి పేరే చెప్పాడట, వాళ్లు థాంక్యూ అన్నారట. ఇది వాడే నవ్వుతూ చెప్పాడు మొదట్లో. తర్వాత్తర్వాత ఇంటర్వ్యూ నుంచి వచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. ఆపైన ఇంటర్వ్యూలకు పోవడమే మానేశాడు. నాకేమో పంజాగుట్టలో ఉద్యోగం. మిక్సీలూ గ్రైండర్లూ అమ్మే కంపెనీ తరఫున, పాడైపోయిందని రాసినవాళ్లందరికీ "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని రోజంతా టైపు చేయాలి. అంతలా చింతించిన మనిషి ఆ కాలంలో పంజాగుట్ట మొత్తంలో ఇంకొకడు ఉండి ఉండడు.

నేను పొద్దున్నే తయారై వెళ్లేసరికి లంబు గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు, సాయంత్రం వచ్చేసరికి అదే గోడవైపు తిరిగి ఫోన్లో ఆట ఆడుతూ ఉండేవాడు. ఆన్‌లైన్ ఆట. లోకమంతా బూడిదైపోయాక మిగిలిన మనుషులు ఎలా బతుకుతారన్నది దాని కథ. మెస్‌లో అన్నం పెట్టే వేళ దాటిపోయినా లేచేవాడు కాదు. "తిన్నవా రా" అంటే "ఆఁ" అనేవాడు. ఆ "ఆఁ" అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసని వాడికీ తెలుసు. ఇద్దరం అక్కడితో ఆపేసేవాళ్లం.

ఒకరోజు మధ్యాహ్నం వాళ్ల నాన్న నాకు ఫోన్ చేశాడు. ఊళ్లో అందరూ టైలర్ అనేవారు, నేను కాకా అనేవాణ్ణి.

"బిడ్డా, మావోడు ఫోన్ ఎత్తుతలేడు. ఏం చేస్తుండు?"

ఏదో ఒకటి చెప్పాలి కదా, నోటికొచ్చింది చెప్పేశాను. "ఆట ఆడుతుండు కాకా."

"ఏం ఆట, క్రికెటా?"

"కాదు, ఫోన్ల. లోకం నాశనమైనంక మిగిలినోళ్లు ఎట్ల బతుకుతరో, గా ఆట."

"లోకం మంచిగున్నప్పుడు బతికే ఆటలు లేవా?" అన్నాడు.

నాకు తెలిసి లేవన్నాను. అప్పుడు కాక ఒక న్యాయం చెప్పాడు. "బట్ట చేత్తోని పట్టి చూడంది నేను మంచిదనను, చెడ్డదనను. గా ఆట నాకు చేతగాదు. నువ్వు ఆడి చూడు. మంచిదైతే ఆడుకోనీ, నేను ఒక్కమాటనను. చెడ్డదైతే జర చెప్పు, వచ్చి తోల్కపోత. మిషన్ మీద కూసోబెడ్త."

ఫోన్ పెట్టేశాక నాకు భయం పట్టుకుంది. లంబు హైదరాబాద్‌లో ఉండాలా పోవాలా అన్నది నా నోటిమాట మీదికి వచ్చింది. వాడు పోతే ఆ గదిలోకి ఎవడో కొత్తవాడు వస్తాడు, ఆ ఊళ్లో నా చిన్నప్పటి సంగతులు తెలిసిన మనిషంటూ ఉండడు. ఉన్నమాట చెప్పొద్దూ, లంబు కోసం ఎంత భయపడ్డానో నా కోసం అంతకంటే కాస్త ఎక్కువే భయపడ్డాను. ఆట మంచిదే అయి ఉండాలని మొక్కుకుని మరీ ఫోన్లోకి ఎక్కించుకున్నాను.

హాస్టల్లో ఆడితే వాడికి తెలిసిపోతుందని, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఆట మొదలవగానే ఒక ప్రశ్న అడిగింది: లోకం అంతం కాకముందు నువ్వు ఎవరు? వైద్యుడా, సైనికుడా, మెకానిక్కా, రైతా? మిక్సీల కోసం చింతించేవాడు అన్నది అందులో లేదు. రైతునన్నాను. పేరు అడిగితే కొత్తోడు అని పెట్టాను. పెరుగన్నం మొదటి ముద్ద మింగేలోపే గుంటలో నీళ్లు తాగి చచ్చిపోయాను. మళ్లీ పుట్టి కుక్క కరిచి పోయాను. ఇంకోసారి పుట్టి, పాడుబడ్డ రైల్వేస్టేషన్‌లో జనం ఉన్నారని తెలిసి ఎలాగో అక్కడికి చేరాను. ఆ ఊరంతటికీ నీళ్లకు ఒకటే నల్లా. దాని ముందు మనుషులు వరసగా నిలబడి ఉన్నారు.

మా హాస్టల్లో పొద్దున పూట స్నానానికి ఎవరూ లైన్లో నిలబడరు. బకెట్ పెట్టి వెళ్లిపోతారు. మన బకెట్ నిలబడితే మనం నిలబడినట్టే, దాన్ని పక్కకు జరిపేంత కానివాడు అమీర్‌పేటలో లేడు. నేను అదే మర్యాదతో నా సంచిని నల్లా ముందు వరసలో పెట్టి, ఊరెలా ఉందో చూసొద్దామని బయల్దేరాను. తిరిగొచ్చేసరికి వరస ఉంది, సంచి లేదు. అందులో నా రొట్టెలు, కత్తి, దుప్పటి, అంటే ఆ లోకంలో నా ఆస్తి యావత్తూ ఉన్నాయి. ఏం చేయాలో తెలియక నిలబడి ఉంటే ఎవరో పలకరించారు. (ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాడు, నేనిక్కడ తెలుగులోనే రాస్తున్నాను.)

"మనోనివేనా? సంచి పెట్టి పోతే జాగ ఆగుతదని మనోళ్లు తప్ప ఎవ్వరనుకోరు. రొట్టెలు ఎత్తుకపోయిండ్రు. సంచి నేను తీసిపెట్టిన, తీసుకో పెద్దమనిషీ."

తోటి వయసు వాణ్ణి పెద్దమనిషీ అని పిలిచేవాడు నాకు తెలిసి లోకంలో ఒక్కడే. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అక్కడ లంబు పేరు నల్లా భాయ్. నీళ్ల దగ్గర కొట్లాట రాకుండా చూడటం, కొత్తగా వచ్చినవాళ్లను ఊళ్లోకి రానివ్వాలో వద్దో తేల్చడం వాడి పని. అదెలా తేలుస్తాడనుకున్నారు? వాళ్లను ఎదురుగా నిలబెట్టి "నీ గురించి చెప్పు" అని అడుగుతాడు. అవతలివాడు తడబడితే "ఫికర్ లేదు, నిదానంగ చెప్పు, నేనెక్కడికీ పోను" అంటాడు. ఎంతసేపైనా ఆగుతాడు. మెట్ల మీద కూర్చుని అది చదివినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత పెరుగన్నం లోపలికి పోలేదు.

రోజూ తిన్నాక కాకకు ఫోన్ చేసి సంగతులు చెప్పేవాణ్ణి. ఆటలో తిండీ చలీ నిజం కావని ఎంత చెప్పినా కాకకు సగమే ఎక్కేది.

"ఇయ్యాల ఏమన్న తిన్నడా అండ్ల?"

"తిన్నడు కాకా. డబ్బాల చేపలు."

"చేపలా. వానికి ముండ్లంటే భయం గదా."

"డబ్బాల చేపలకు ముండ్లుండయి కాకా."

"అట్లయితె మంచిది. మరి సలికి?"

"పాత కోటు ఉన్నది."

"ఎవరిదో వేసుకోవద్దని చెప్పు. గజ్జి లేస్తది."

బయట వాడు నిజంగా తిన్నాడా అని కాక అడగలేదు, నేను చెప్పలేదు. ఆటలో తిన్నాడంటే ఇద్దరికీ అదో ధైర్యం. ఆట మంచిదేనని ఎప్పుడో తేల్చేసుకున్నాను నేను. అందులో లంబుకు మాటుంది, మర్యాద ఉంది, జనం వాడి మాట వింటున్నారు. ఇక మంచిదని చెప్పేస్తే వాడు నా గదిలోనే ఉంటాడు, అయిపోయింది. రేపు చెప్దాం రేపు చెప్దాం అని లాగుతున్నాను. ఎందుకు లాగుతున్నానో నాకే తెలియదు.

ఒకనాడు ఆటలో దుమ్ము తుఫాను వచ్చింది. దొరికిన చోట దాక్కోవాలి, గాలి మలుపు తిరిగినప్పుడల్లా జరుగుతూ ఉండాలి, లేకపోతే ఊపిరాడక పోతాం. నేనూ నల్లా భాయ్ ఒక పగిలిన పైపులో కూర్చున్నాం. ఊరుకోక అడిగాను: "బయట నువ్వేం చేస్తవ్ అన్నా?"

జవాబు ఒక్కో ముక్కగా వచ్చింది. "ఏం చెయ్య. నా దోస్తుకు నౌకరీ వచ్చింది. వాడు పొద్దుగాల బూట్లు వేసుకుంటుంటే నేను నిద్రపోయినట్టు పంట. మేలుకొని ఉంటే వాడు నా మొఖం చూడలేక తక్లీఫ్ పడ్తడు. వాడు పోయినంక సుత లెవ్వబుద్ధి కాదు. అన్నం వద్దనిపిస్తది. ఒక్కోరోజు ఏదీ వద్దనిపిస్తది."

నేను ఆ మాటలు చూస్తూ ఉండిపోయాను. జరగడం మరిచిపోయాను. తెర నల్లబడి "మీరు మరణించారు" అని వచ్చింది. లోపలికి వెళ్లి సీట్లో కూర్చున్నాను. మిక్సీ మూత విరిగిపోయిందని ఎవరో అమ్మ రాసింది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని కొడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క సీటు అతను, ఇంత మంచి ఉద్యోగిని ఎక్కడా చూడలేదన్నట్టు నా వంక చూశాడు.

ఆ సాయంత్రం మెట్రో స్తంభాల నీడన పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడుస్తూ కాకకు ఫోన్ చేశాను.

"ఆట మంచిదే కాకా," అన్నాను. "గని వాడు మంచిగ లేడు."

అటు మిషన్ చప్పుడు ఆగిపోయింది.

"ఎన్ని రోజులసంది?"

"మస్తు రోజులైంది కాకా. నాకు ఇయ్యాలనే సమజైంది."

కాక నన్నేమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మర్నాడు మొదటి బస్సుకే వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. లంబు మంచం మీద, వాడి కాళ్ల దగ్గర కూర్చుని, "ఏది, చూపెట్టు గా ఊరు," అన్నాడు. లంబు లేచి కూర్చుని చూపించాడు. కాక కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "నల్లా నువ్వే చూసుకుంటవా?" అని అడిగాడు. లంబు తలూపాడు. "మంచి పనే. గని గీ కోటు ఎవడు కుట్టిండు? భుజాలు జారినయ్." లంబు నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. కాక వాడి వీపు మీద చెయ్యేసి కూర్చున్నాడు. నేను బకెట్ చూసొస్తానని బయటికొచ్చేశాను. నేను తిరిగొచ్చేసరికి లంబు బట్టలు సర్దుకుంటున్నాడు. రమ్మని కాక అడగలేదట, వాడే వస్తానన్నాడట.

అమీర్‌పేట స్టాపులో కాక సంచి పట్టుకుని కొంచెం ముందు నిలబడ్డాడు. నన్ను ఆట చూడమన్న సంగతి కాక గదిలోనే చెప్పేసినట్టున్నాడు, లంబు మెల్లగా అడిగాడు. "బాపుకు ఏమని చెప్పినవ్ రా, ఆట ఆడొచ్చునన్నవా?"

"ఆడొచ్చన్న. నువ్వు మంచిగ లేవని సుత చెప్పిన."

"చెప్తవనే అనుకున్న. అందుకే నీకు చెప్పిన."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "నేనని ఎట్ల తెల్సు?"

"లంచ్‌కు లంచ్‌కు వస్తుంటివి, ఆదివారం రాకపోతుంటివి. గింతదానికి కోర్సు చెయ్యాల్నా పెద్దమనిషీ?" అన్నాడు. బస్సొచ్చింది. ఎక్కేముందు నా వైపు చూడకుండా అన్నాడు: "రూముల ఎదురెదురుంగ నోరు రాలే రా."

బస్సు వెళ్లిపోయింది. నేను ఆ రోజు ఆఫీసుకు పోలేదు.

లంబు కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ కాలమంతా కాక వాణ్ణి మిషన్ పక్కనే కూర్చోబెట్టుకున్నాడు, డాక్టరు దగ్గరికి తనే తీసుకుపోయాడు. ఇప్పుడు వాడు మా ఊళ్లోనే పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్తున్నాడు, ఎవడన్నా తడబడితే ఆగుతాడట. ఆ ఆట జనం లేక ఎప్పుడో మూతపడింది. పెద్ద గూఢచారినని మురిసిపోతూ మెట్ల మీద కూర్చుని, పక్క మంచం మీదివాడి కష్టాన్ని బూడిదైన లోకంలో వెతుక్కున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు సగంలో ఉండగానే లంబుకు ఫోన్ చేయాలనిపిస్తుంది, చేస్తాను. "ఏం చేస్తున్నవ్" అని మాత్రం అడగను, ఎలా ఉన్నావని అడుగుతాను.