కింది నుంచి కురిసిన వాన

ఆ రోజుల్లో లోకంలో ఉన్న కష్టాలన్నిటికీ ఒక రిలే, నాలుగు వైర్లు చాలునని నా గట్టి నమ్మకం. పదిహేడేళ్ల వయసు, పాలిటెక్నిక్ మొదటి ఏడాదిలో ఉన్నాను మరి. (రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కదిలించే స్విచ్చి. మా ఇంట్లో నాన్న కళ్లతో సైగ చేస్తే అమ్మ గొంతెత్తేది చూడండి, అదే పద్ధతి.) వినుకొండ అవతల మా కల్లంలో ఏడాది మిరప పంటంతా ఎండబోసి ఉండేది. మబ్బు కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని పరుగు. ఆ పరుగు తప్పించడానికి నేను వాన గంట కనిపెట్టాను. రాగి పూత ఉన్న పలక మీద అక్క గోళ్లరంగుతో దువ్వెన పళ్లలాంటి గీతలు గీసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే మిగతా రాగి కరిగిపోతుంది. గీతల మధ్య చుక్క నీరు పడితే రిలే టక్కుమంటుంది, పాత లారీ హారన్ మోగుతుంది. పలకకంటే ముందు ఆ మందు పోసిన అమ్మ స్టీలు బేసిన్ అడుగు కరిగిపోయింది. “నా బేసిన్‌లో అన్నం వార్చుకోవాలా, ఆకాశం చూసుకోవాలా?” అని అమ్మ ఆ చిల్లులోంచి నన్ను చూస్తూ అడిగింది. నాన్నయితే, “నీ పెట్టె అరిచేలోపు నా మోకాలు చెబుతుందిరా వాన సంగతి,” అని తేల్చేశాడు.

ఆయన చేత ఒక్కసారి శభాష్ అనిపించుకోవాలని నా పంతం. అందుకు సరైన రోజు, కాయ కొనడానికి వ్యాపారి వచ్చే రోజేననుకున్నాను. ఆయన్ని అందరూ గలగల గారనేవారు. గుప్పెడు కాయ చెవి దగ్గర ఊపి, గింజల చప్పుడును బట్టి ఎండిందో లేదో చెప్పే మహానుభావుడు. ఆయన ముందు గంట గురించి నాలుగు ముక్కలు చెప్పి, ఠీవిగా బ్యాటరీకి వైరు తగిలించాను.

హారన్ పల్నాడంతా వినపడేలా అరిచింది. నిప్పులు చెరిగే ఏప్రిల్ ఎండ. ఆకాశంలో మబ్బు కాదు కదా, కాకి కూడా లేదు. అమ్మ అలవాటు కొద్దీ పట్టా లాక్కుంటూ పరిగెత్తుకొచ్చింది. నాన్న మొహం మాత్రం మా మిరపకాయల్లో కలిసిపోయింది.

జరిగిందేమిటంటే, బాగా ఎండిన కాయ టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, తొక్కితే పొడైపోతుందని ముందు కాసిని నీళ్లు చల్లుతారు. (నీళ్లతో పెరిగే బరువు సంగతి నేనెప్పుడూ అడగలేదు, నాన్నా చెప్పలేదు.) ఆ పొద్దున నేను ఇంకా నిద్ర లేవకముందే నాన్న ఆ పని కానిచ్చేశాడు. కాసిని కాదు, కృష్ణా కాలువకు గండి పడిందా అన్నంత. కాయ కుప్ప చేసినప్పుడు కల్లంలో పెట్టిన నా పలక దాని కింద కూరుకుపోయింది.

“గాల్లో తేమండీ,” అన్నాడు నాన్న. “సముద్రపు గాలి.”

“సముద్రం ఎక్కడో కొత్తపట్నంలో ఉందండీ,” అంటూ గలగల గారు వైరు పట్టుకుని, చేంతాడు లాగినట్టు లాగారు. కుప్పలోంచి పలక వచ్చింది, దాని మీద తడి కాయలు రెండు. “ఏవండీ, మీ కల్లంలో వాన కింది నుంచి పైకి కురుస్తుందా? రెండ్రోజులు ఎండబెట్టి కబురు చెయ్యండి.” వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టారు. “అబ్బాయ్, ఇట్లాంటిది నాకొకటి చేసిపెట్టు.”

“చేశావంటే గడప తొక్కొద్దు,” అన్నాడు నాన్న. “చదివేది నువ్వు, తడిసేది నేనా?”

రెండు రోజులు నేనే ఎండలో కూర్చుని కాయ తిరగేశాను. తర్వాత గలగల గారే వచ్చి, చెవి దగ్గర ఊపి, కొనుక్కుపోయారు. నాన్న నన్ను ఎన్నడూ శభాష్ అనలేదు. కానీ మరుసటి ఏడాది నీళ్ల బిందె ఎత్తేముందు చుట్టూ చూసి, బ్యాటరీ వైరు పీకి జేబులో వేసుకోవడం చూశాను. అంతకంటే గొప్ప సర్టిఫికెట్ నాకు కాలేజీ కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు కల్లం నా చేతుల్లో ఉంది. మొన్న పలక మాట మర్చిపోయి, బిందె పట్టుకుని నాలుగు చుక్కలు చల్లానో లేదో, పెట్టెలో రిలే టక్కుమంది. హారన్ “బా” అని పూర్తిగా అనేలోపు వైరు పీకేశాను. రిలే మళ్లీ టక్కుమంది, పదిహేడేళ్ల కుర్రాడెవడో నన్ను చూసి నాలుక చప్పరించినట్టు.