గడి హోటల్లో అవ్వ తోడిన నీళ్లు

కొన్నేళ్లుగా నేనొక నవ్వు కథను మోసుకుని తిరుగుతున్నాను. నవ్వు కథకు బరువేమిటని మీరు అడగొచ్చు. మొదట్లో నాకూ తెలియలేదు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అదే ఇబ్బంది. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయేవాణ్ణి.

మా చుట్టాల్లో ఏ దావత్ అయినా సరే, తినడం అయ్యాక ఎవరో ఒకరు నా భుజం మీద చెయ్యేస్తారు. "అరేయ్, గా గడి హోటల్ ముచ్చట జెప్పురా" అంటారు. నేను చెబుతాను. బోధన్ నుంచి వర్ని పోయే దారిలో, మా ఊరికి దగ్గరలోనే, ఒకప్పుడు దొర ఉన్న గడి ఉంది. కోటలాంటి ఇల్లు. దాన్ని ఎవరో పట్నం వాళ్లు కొని, సున్నం కొట్టించి, హెరిటేజ్ హోటల్ అని బోర్డు పెట్టారు. మా ఇంటిల్లిపాదీ ఒక రోజు అందులో దిగాం. కథంతా అదే.

చెరుకు నములుతూ పెరిగిన మాకు, వెల్‌కం డ్రింక్ అని మట్టి ముంతలో చెరుకు రసం ఇచ్చారు. మంచం ఎంత ఎత్తంటే ఎక్కడానికి స్టూలు వేశారు. దిగడానికి దేవుడే దిక్కు. తువ్వాలును హంసలా మడిచి పెట్టారు, మెడ విప్పితే చిరుగు. మెనూలో 'దొరసాని పప్పు' అని ఉంటే మా బాపు, అంటే నాన్న, ఆశగా తెప్పించుకున్నాడు. ఒక్క ముద్ద తిని, "గిది మనింట్ల పప్పే గదరా, దొరసాని ఎప్పుడొచ్చి వండుకపోయింది?" అన్నాడు. ఏసీ, మిట్ట ఎక్కుతున్న చెరుకు ట్రాక్టర్‌లా మోత పెట్టింది. గీజర్‌కు ఎర్ర లైటు బ్రహ్మాండంగా వెలిగింది, నీళ్లు మాత్రం చల్లగా వచ్చాయి. పొద్దున అవీ రాలేదు. మోటారు కాలిపోయిందన్నారు.

"తర్వాత?" అని అడుగుతారు.

"తర్వాతేముంది, బిల్లు కట్టి ఇంటికొచ్చినం" అంటాను.

అందరూ నవ్వుతారు. నేను ఆ మాట దగ్గరే ఆపుతాను. ఎప్పుడూ అక్కడే.

ఇప్పుడు ఆపకుండా చెప్పాలి. ముందు సాగరన్న గురించి చెప్పాలి. అక్కడే నాకు నోరు చేదవుతుంది.

సాగరన్న మా పెద్దనాన్న కొడుకు. నాకంటే రెండేళ్లు పెద్ద. చదువులో ముందు, పనిలో ముందు, మాట తక్కువ. ఇలాంటి అన్న ఇంట్లో ఉంటే తమ్ముడికి మిగిలే ఉద్యోగం ఒకటే, జోకర్. నేను ఆ ఉద్యోగంలో చిన్నప్పుడే చేరిపోయాను. మా అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ, నన్ను "కోతి" అని పిలిచేది. సాగరన్నను "బిడ్డా" అనేది. పాల మీది మీగడ వాడికి. నాకు అదే గిన్నె గీకిన గోకుడు. వాడు హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉన్నప్పుడు అవ్వ దగ్గర ఉన్నది నేను. ఆమె కాళ్లకు నూనె రాసింది నేను. నన్ను చూస్తే అవ్వ నవ్వేది. వాడి ఫోన్ వస్తే కళ్లనీళ్లు పెట్టుకునేది. ఏది ఎక్కువ ప్రేమ? ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో చెబితే మీరు నన్ను డాక్టర్‌కు చూపిస్తారు. ఎన్నిసార్లు వేసినా నాకు నవ్వే మిగిలింది.

తర్వాత వాడికి సర్కారు కొలువు వచ్చింది. అప్పటికి నేను నిజామాబాద్ బస్టాండ్ దగ్గర ఒక ట్రావెల్స్‌లో కార్లు తిప్పుతున్నాను. ఊళ్లో వాడికి దండలు వేశారు. అవ్వ వాడి తల నిమిరి, నా వైపు తిరిగి, "నువ్వు గూడ ఏదన్న జెయ్యిరా కోతీ" అంది. ప్రేమగానే అంది. ప్రేమగా అంది కాబట్టే ఇంకా గుర్తుంది.

మొదటి జీతం రాగానే సాగరన్న నాకు ఫోన్ చేశాడు. అవ్వను ఎక్కడికన్నా తీసుకెళ్లాలి, ఆమె జన్మలో చూడనంత మంచి చోటికి, నువ్వు ట్రావెల్స్‌లో ఉన్నావు కదా, నువ్వే చెప్పు అన్నాడు. వాడు నన్ను సలహా అడిగింది అదే మొదటిసారి. సంతోషపడాల్సింది. పడ్డాను కూడా, ఒక్క నిమిషం.

ఆ తర్వాత "గడి హోటల్" అన్నాను.

ఆ హోటల్ సంగతి నాకు బాగా తెలుసు. మా కార్లలో గిరాకీలను అక్కడ దింపేవాళ్లం, మర్నాడు తెచ్చేవాళ్లం. పోయేటప్పుడు దారి పొడుగునా ఫోటోలు, వచ్చేటప్పుడు దారి పొడుగునా తిట్లు. ఆ కిరాయికి తిరుపతి పోయి రావచ్చని ఒకాయన కారులోనే కూర్చుని బాధపడ్డాడు. ఇదంతా సాగరన్నకు చెప్పలేదు. ఇదొక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. చెడ్డ హోటల్‌కు పంపడం తమ్ముళ్లు అన్నలకు చేసే మామూలు సేవే.

నాకు తెలిసింది ఇంకోటి ఉంది.

అవ్వను మోకాళ్ల నొప్పులకు నా బండి మీద బోధన్ దవాఖానకు తీసుకెళ్లేవాణ్ణి. గడి దగ్గరికి రాగానే వెనకాల ఏదో కదిలేది. మామూలుగా మోకాలు మడవాలంటే మూలిగే మనిషి, నడుస్తున్న బండి మీద కాలు మడిచి చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకునేది. గడి దాటాక మళ్లీ తొడుక్కునేది. ఆ తరం ఆడవాళ్లు గడి ముందు చెప్పులు చేతపట్టి నడిచారని విన్నాను కానీ, బండి మీద కూడానా? బండికి కూడా టైర్లు విప్పమంటావా అవ్వా అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నవ్వి, ఎవరికీ చెప్పనిది నాకు చెప్పింది.

గడిలో వెట్టి చేసిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటికొకరు వంతుల చొప్పున కూలి లేకుండా చేసే పని, ఊరంతా చేసిందే. అవ్వ వంతు నీళ్లు. తెల్లారేసరికి బావిలోంచి తోడి రాతి గోలెం నింపాలి. మా బాపు కడుపులో ఉన్నప్పుడు ఒకరోజు బావి దగ్గర జారి పడిందట. బిందెకు సొట్ట పడిందని తిట్టారట. మనిషికి ఏమైందని ఎవరూ అడగలేదట. వెట్టి పోయిన రోజు, ఇక చచ్చేదాకా ఆ దర్వాజ తొక్కనని తన కడుపు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంది. కొడుకులకు చెబితే మనసులో పెట్టుకుని కుములుతారని చెప్పలేదు. నాకెందుకు చెప్పావంటే, "నువ్వయితే నవ్వి ఇడిసిపెడ్తవు గదా" అంది.

అవ్వ నాకిచ్చినవాటిలో సాగరన్నకు ఇవ్వనిది అదొక్కటే. నేను దాన్నే వాడుకున్నాను.

సాగరన్న సందేహించాడు కూడా. అవ్వ అక్కడ పని చేసింది కదా, ఏమన్నా అనుకుంటుందేమో అన్నాడు. నేను గొంతులోకి కాస్త వణుకు తెచ్చుకున్నాను. నీళ్లు మోసిన గడిలోనే అవ్వను మంచం మీద కూర్చోబెట్టన్నా, అంతకన్నా ఇజ్జత్ ఏముంటది అన్నాను. జీవితమంతా ఇంకొకరి డ్రామాలకు గాలి తీసినవాణ్ణి, ఒక్కసారి నేను ఊదాను. అద్భుతంగా ఉబ్బింది. వాడు ఫోన్‌లో ఏడ్చాడు.

ఎందుకు చేశాను? వాడి కానుక అవ్వ ముందు చప్పబడాలి. అవ్వ మొహం ముడుచుకోవాలి. అప్పుడు వాడికి తెలియాలి, అవ్వను వాడికన్నా నాకే ఎక్కువ తెలుసని. ఇంతే. రాసి చూస్తే ఎంత చిన్నగా ఉందో. లోపల ఉన్నప్పుడు మనిషంత ఉండేది.

సాగరన్న ఊరందరి ముందు ఈ మాట చెప్పినప్పుడు అవ్వ కాదనలేకపోయింది. వాడి మొహం అంత వెలిగిపోతోంది. ఆమె నా వైపు ఒకసారి చూసింది. నేను ఫోన్ చూసుకున్నాను. ఫోన్‌లో ఏమీ లేదు.

కారు గడి దర్వాజలోంచి లోపలికి పోతుంటే అవ్వ చెప్పులు ఒళ్లోకి వచ్చాయి. తివాచీలు ఖరాబవుతాయని విప్పిందనుకుని సాగరన్న నవ్వాడు. ఆమె ముందు మెట్లు ఎక్కలేదు, పక్కనుంచి వెనక వాకిలి వెతుక్కుంది. దారి ఆమెకు బాగానే తెలుసు. మంచం ఎక్కలేదు, ఎత్తుగా ఉందంది, అందరం నమ్మాం. నేల మీద కొంగు పరుచుకుని పడుకుంది. హోటల్ అన్యాయంగా ఉండటం నాకు బాగా కలిసొచ్చింది. ఎవరి మొహం ముడుచుకున్నా నేరం గీజర్ మీదకు పోయేది.

పొద్దున నల్లాలో నీళ్లు రాలేదు. నేను వరండాలోకి వచ్చేసరికి గిరక చప్పుడు వినిపించింది. ఆ బావిని ఫోటోల కోసం బాగు చేయించి, గిరకా తాడూ రాగి బిందెలూ అలంకారంగా పెట్టారు. అవ్వ ఆ అలంకారపు బిందెతో నిజంగా నీళ్లు తోడుతోంది. తోడి, రాతి గోలెంలో పోస్తోంది. దాంట్లో వాళ్లు తామరలు పెంచుతున్నారు. తామరలు పైకి తేలుతున్నాయి. పట్నం నుంచి వచ్చిన ఒకావిడ, ఇది కూడా ప్యాకేజీలోనే ఉందనుకుందేమో, ఫోటో తీసుకుంటోంది.

నేను దగ్గరికి పోయాను.

"అవ్వా, గిదేం పనే? నువ్వు గెస్టువు."

"నీళ్లొస్తలేవట గదరా. సాగర్‌గాడు తానం జెయ్యకుంట డ్యూటీకి పోతడా?"

"పోతే పోనీ. ఒక్క పూటకు వాడేం మురిగిపోడు."

ఆమె నవ్వలేదు. తాడు పట్టుకునే అడిగింది. "నా ఒట్టు సంగతి వానికి జెప్పలేదా?"

"యాది మర్సిన అవ్వా."

"నువ్వా?" అంది. కాసేపు నా మొహం చూసింది. "చిన్నప్పుడు వానికి ఎన్ని అప్పాలు వెట్టిన్నో, నీకెన్ని వెట్టిన్నో ఇయ్యాల్టికి గూడ జెప్తవు. నువ్వు యాది మర్సేటోనివా?"

నేను గోలెంలో తేలుతున్న తామరల వైపు చూశాను.

"వానికి జెప్పకురా. మనసుల వెట్టుకుంటడు" అని మళ్లీ బిందె వదిలింది.

ఇక్కడ నేను ఆ తాడు అందుకోవాలి. అందుకున్నానని రాయాలని ఎంత ఉందో! నేను వెనక్కి నడిచి వరండా స్తంభం దగ్గర నిలబడ్డాను. సాగరన్న గది తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. వాడు వచ్చి చూడాలి. అంత తెలిశాక కూడా, అవ్వ నా మొహం చదివేశాక కూడా, నాకు వాడు చూడటమే కావాలి. అసూయకు సిగ్గు ఉండదని వినలేదు, నా కాళ్లతో నిలబడి తెలుసుకున్నాను.

వాడు వచ్చాడు. చూశాడు. ముందు మేనేజర్ మీద అరిచాడు. ఆ తర్వాత, ఫోటో తీసే ఆవిడ ముందు, జన్మలో గొంతు పెంచని ఆ మనిషి అవ్వ మీద అరిచాడు. "మల్ల గదే పనా? బుద్ధుందా నీకు? నా ఇజ్జత్ తీస్తున్నవు!" అవ్వ బిందెను చప్పుడు కాకుండా కింద పెట్టింది. సొట్ట పడకుండా. తిరుగు దారిలో గడి దాటేదాకా చెప్పులు ఒళ్లోనే ఉన్నాయి.

నేను అనుకున్నది జరిగింది. అనుకున్న సంతోషం మాత్రం రాలేదు. దాని కోసం కారులో చాలాసేపు ఎదురుచూశాను.

ఆ తర్వాత సాగరన్న ఊరికి రావడం తగ్గించాడు. అవ్వ మొహం చూడలేక అని నాకు తెలుసు. వాడు రాకపోయేసరికి అవ్వ అడుగుతూ ఉండేది, నా మీద కోపమా వానికి అని. నేను ఒక్క మాట చెబితే ఇద్దరికీ తీరిపోయేది. అవ్వే చెప్పొద్దంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వాణ్ణి కాపాడటానికి వద్దందా, నన్నా? తెలియదు. నేను మాత్రం నా కోసమే వాడుకున్నాను. అవ్వ నన్ను ఒక్కనాడూ ఏమీ అనలేదు. కోతీ అనడం మాత్రం మానేసింది. నన్ను పేరు పెట్టి పిలిచింది, పోయేదాకా.

దినాల నాడు సాగరన్న నా పక్కన కూర్చుని, "అవ్వను నల్గుర్ల తిట్టిన తమ్మీ. ఆమెకు ఏం తక్కువ జేసిన్నో ఇప్పటికీ తెల్వది" అన్నాడు. నేను గీజర్ జోకు వేశాను. వాడు నవ్వాడు, పాపం.

పోయిన నెల వాడి కొత్త ఇంటి దావత్ అయింది. ఈసారి వాడే అడిగాడు. "గడి హోటల్ ముచ్చట జెప్పు తమ్మీ, అవ్వ యాదికొస్తది." చెరుకు రసం దగ్గర అందరూ నవ్వారు. హంస దగ్గర నవ్వారు. గీజర్ దగ్గర సాగరన్న కళ్లు తుడుచుకున్నాడు. నీళ్లు రాలేదన్నాను.

"తర్వాత?" అని వదిన అడిగింది. ఆమెకు ఈ కథ కొత్త.

బిల్లు మాట నోటి దాకా వచ్చి నిలబడిపోయింది. ఫోన్ వచ్చిందని లేచి బయటికి వచ్చాను. ఫోన్‌లో అప్పుడూ ఏమీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు గడి ముందు నుంచే వచ్చాను. చెప్పులు విప్పుదామా అనిపించింది. అలాంటివి చేస్తే ఏదో కడుక్కున్నట్టు ఉంటుంది, చూసేవాళ్లు లేకపోయినా. విప్పలేదు. గేర్లు వేసుకుంటూ ఇంటికి వచ్చాను. వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. సాగరన్నకు చెప్పాలి. చెబుతానా? మీకు చెప్పినంత సులువు కాదు, మీరు మా అవ్వను చూడలేదు. కానీ రాస్తూ రాస్తూ ఎప్పుడూ ఆపే చోటు దాటిపోయాను. అంత మాత్రం ఊపిరి ఆడుతోంది.

వదిన అడిగింది కదా, తర్వాత అని. తర్వాత అవ్వ నీళ్లు తోడింది. నేను చూస్తూ నిలబడ్డాను.