గాలయ్య పోయని సీసా

కొత్తకోట దగ్గరి పల్లెలో కల్లు గీసే గాలయ్యను "ఇయ్యాల కల్లెట్లున్నది?" అని అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు. కల్లు నిండిన లొట్టి దింపగానే గీతగాళ్ళ దేవుడు కాటమయ్య పేరుమీద నాలుగు చుక్కలు నేల మీద చిలకరించి, ఒక గుటక తాను తాగేవాడు. నాలుకకు నచ్చితే ఎదుటివాళ్ళు పట్టిన తాటాకు రేకలో పోసేవాడు. నచ్చకపోతే లొట్టిని చెట్టు మొదట్లోనే వంచేసి చెట్టెక్కే మోకు భుజాన వేసుకునేవాడు. ఆయన పోశాడంటే అదే మాట. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట తప్పిందన్నవాళ్ళు లేరు.

గొర్లు కాసే కురుమయ్య కొడుకు గుర్వయ్య ఆ చెట్ల కిందే పెద్దవాడయ్యాడు. కబడ్డీలో రాష్ట్ర జట్టు దాకా పోయాడు. పేపర్లో అతని ఫోటో పడినప్పుడు ఊరు ఆ ఘనతలో సగం గాలయ్య కల్లుకే కట్టబెట్టింది. గాలయ్య ఆ పేపరు ముక్కను దూలం సందులో దోపి దాచుకున్నాడు. కడుపున పుట్టినవాళ్ళకన్నా ఎక్కువైపోయాడా అని భార్య జానమ్మ దెప్పేది.

ఎనభై తొమ్మిదిలో గుర్వయ్య మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. హైదరాబాదులో ఒక కంపెనీ అతని పేరూ బొమ్మా తీసుకుని రెండు రకాల సీసాలు తెచ్చింది. ఒకటి బ్రాండి. ఇంకొకటి కల్లు రుచి వస్తుందని చెప్పే తెల్లది. రెండింటి మీదా కబడ్డీ కూత పెడుతూ చేతులు చాచిన గుర్వయ్యే. కొత్తకోట సడక్ పక్కన దుకాణం తెరిచే రోజు పొద్దున్నే గాలయ్య కోసం జీపు వచ్చింది.

దుకాణం ముందు మంది అప్పటికే రేకలు పట్టుకుని నిలబడ్డారు. తెల్లసీసాను గాలయ్య తన చేత్తో అందరికీ పోయాలని కంపెనీ మనిషి రఘుపతి చెప్పాడు. సరుకు ఈ పల్లెల్లో నడిస్తేనే గుర్వయ్యను ఉంచుకుంటారట, లేకపోతే ఇంకో ఆటగాడి బొమ్మ చూసుకుంటారట.

గాలయ్య మూత తీసి నాలుగు చుక్కలు చిలకరించాడు. సరుకు పారబోస్తున్నాడేమోనని రఘుపతి బెదిరిపోయాడు. గాలయ్య ఒక గుటక తాగాడు. ముందు తియ్యగా తగిలింది, ఆ వెనక గొంతు పట్టుకుంది. చెట్టు వాసన ఎక్కడా లేదు. సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. అందరి కళ్ళూ ఆ చేతి మీదే. చెయ్యి మాత్రం వంగలేదు.

గుర్వయ్య కుంటుకుంటూ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "మామా, జర పొయ్యి. నా బతుకు నీ చేతుల ఉన్నది."

"ఏ చెట్టుదిర అల్లుడా ఇది?"

"చెట్టుది గాదు. మిషిన్ల చేస్తరు."

"సరె. తాగితే నీకెట్లున్నది?"

గుర్వయ్య తల దించుకున్నాడు. "నేను తాగలే మామా. నీ కల్లు దప్ప ఏది ముట్టినోణ్ణి గాదు. ఫోటోకు నిలవడుమన్నరు, నిలవడ్డ."

గాలయ్యకు కోపం రాలేదు. పోస్తే పిల్లగాడి బతుకు నిలబడుతుంది. కానీ రేపు తన లొట్టి కింద రేక పట్టేవాళ్ళు దేన్ని నమ్మాలి? సీసాను గుర్వయ్య చేతిలో పెట్టాడు.

"బొమ్మ నీది. ముందుగాల నువ్వు తాగు. తాగినంక పొయ్యబుద్ధయితే నీ చేత్తోనే పొయ్యి."

మందిలోంచి సైకిళ్ళు బాగుచేసే దస్తగిరి ఊరుకోలేదు. "కూతకు పోయినోడు గీత కాడ ఆగుతడా గుర్వన్నా?"

గుర్వయ్య గడగడా రెండు గుటకలు తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మంది నవ్వారు. అతనూ నవ్వి మూతి తుడుచుకున్నాడు.

"అబద్ధమెందుకు, నాకైతే గొంతు కాలింది. గాలయ్య మామ కల్లు గాదిది. గావాల్నన్నోళ్ళు రేక పట్టుండ్రి, నేనే పోస్త."

రఘుపతి తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. అయినా పదీ పన్నెండు రేకలు ముందుకొచ్చాయి. ఒకాయన దవాఖానలో ఇచ్చే దగ్గు మందులా ఉందన్నాడు, అంటూనే మళ్ళీ రేక పట్టాడు. తెల్లసీసా ఆర్నెల్లకే ఆగిపోయింది గానీ, బ్రాండి బాగా నడవడంతో దాని మీద గుర్వయ్య బొమ్మ ఇంకా కొన్నేళ్ళు నిలిచింది.

ఆ రోజు గాలయ్యకు తిరుగు ప్రయాణానికి జీపు దొరకలేదు. బస్సు ఎక్కించడానికి గుర్వయ్య బస్సు ఆగే చోటి దాకా కుంటుకుంటూ వచ్చాడు.

"కోపమొచ్చిందా మామా?"

"ఎందుకొస్తదిరా? తాగి పోసినవు గద."

బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఆ ఎండలోనే నిలబడి, తెల్లసీసాలో ఏమేం కలిపి ఉంటారోనని వాదించుకున్నారు.